బడికి ఏమి ఇవ్వమంటారు?



ఈ ఏడాది వార్షిక సంచికకు మంచి బడి వాతావరణం గురించి ఒక వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. పాఠం చెప్పడం అలవాటైనవాడికి వ్యాసం రాయడం కష్టమే. ఎదురుగా కూర్చుని ఆవులించే పిల్లలు ఉండరు కనుక ఎక్కడ ఆపాలో తెలియదు. అయినా ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా దాతలు నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చారు: “మాస్టారూ, బడికి ఏమి ఇవ్వమంటారు?” నేనూ ఒకే రకంగా జవాబు చెబుతూ వచ్చాను. ఫ్యాన్లు, బెంచీలు, గేటు, జెండా దిమ్మె. ఆ జవాబు తప్పు కాదు గానీ, సగమే. మిగతా సగం నాకు ఆరో తరగతి పిల్ల ఒకతె నేర్పింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు ఆమెకు పెళ్ళై, పిల్లలున్నారు.

అప్పట్లో సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలను వరుసగా నిలబెట్టి గోళ్ళు, చేతులు చూసేవాణ్ణి. శుభ్రత నేర్పుతున్నానని నా నమ్మకం. ఒక సోమవారం ఈ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. చూపించమన్నాను. వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. “మట్టిలో ఆడి అలాగే వచ్చేస్తావా? పో, కడుక్కుని రా” అన్నాను. వెళ్ళింది, వచ్చింది. చేతులు అలాగే ఉన్నాయి. కొంచెం ఎర్రబడ్డాయి, అంతే. “ఇదేనా కడగడం?” అని మళ్ళీ పంపాను. క్లాసంతా నవ్వింది. రెండోసారి వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. సంచి బెంచీ మీదే ఉండిపోయింది.

వేటపాలెంలో పుట్టి పెరిగినవాడికి ఆ నలుపు ఏమిటో తెలిసి ఉండాలి. అది జీడి నలుపు. జీడిగింజ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. గింజలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళు చేతులకు ఆముదమో బూడిదో పూసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ళు నల్లబడతాయి. సబ్బుకు పోదు, బండకేసి రుద్దినా పోదు. పైచర్మం రాలి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. మా ఫుప్పూ చేతులు కూడా అలాగే ఉండేవి. ఆ చేతులతో కలిపిన అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. కానీ బళ్ళో, చేతిలో బెత్తం పట్టుకుని నిలబడ్డప్పుడు, నాకు కనిపించింది మురికి మాత్రమే.

నాలుగో రోజు సంచి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి గడప దగ్గరే నిలబడి మాట్లాడింది. “మసి అయితే పోయేది గదా సారూ. అది పోయేది కాదు. ఎట్ట కడుక్కుంటది?” అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. పిల్ల లోపల ఎక్కడో ఉంది, బయటికి రాలేదు. ఆ చిన్న వయసులో ఆ పని చేయించవద్దని నేను చెప్పబోయాను. కూలి కిలోల లెక్కన ఇస్తారనీ, అలాంటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ లెక్కలోకి వస్తుందనీ ఆమె చెప్పింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ పూర్తి జవాబు లేదు. పిల్లను మాత్రం పంపమని అడిగాను. తప్పు నాదేనని లోపలికి వినబడేలా అన్నాను.

పదకొండో రోజున వచ్చింది. వచ్చి వెనక బెంచీలో, అంతకుముందు ఎప్పుడూ కూర్చోని చోట కూర్చుంది. ఏడాది చివరిదాకా అక్కడే కూర్చుంది.

బడి వాతావరణం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ పదకొండు రోజులే గుర్తొస్తాయి. ఆ బడికి అప్పటికే కొత్త గదులున్నాయి. ఫ్యాన్లున్నాయి. చుట్టూ వేపచెట్లున్నాయి, నీడకు కొదవ లేదు. రైలు వెళ్ళేటప్పుడు పాఠం కాసేపు ఆగేది, అంతకుమించి ఇబ్బంది లేదు. ఎవరైనా వచ్చి చూస్తే మంచి బడి అనే అనేవారు. ఒక పిల్లకు మాత్రం, నా ఒక్క మాటతో, అది కాలు పెట్టలేని చోటయింది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడికి ఏమేం ఉండాలో ఆ చట్టం వెనుక ఉన్న షెడ్యూలులో రాసి ఉంటుంది. ప్రతి టీచరుకు ఒక గది, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, మధ్యాహ్న భోజనానికి వంటగది, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం. ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక టీచరు, ఆరు నుంచి ఎనిమిది వరకు ముప్పై అయిదు మందికి ఒకరు. ఇవి చాలామందికి తెలుసు. అదే చట్టంలో 17వ సెక్షన్ ఉంది. పిల్లలను కొట్టకూడదనడంతో ఆగదు, మానసికంగా వేధించకూడదని కూడా చెబుతుంది. నేను ఆ పిల్లను రెండుసార్లు పంపు దగ్గరికి పంపిన నాటికి ఆ చట్టం లేదు. ఉన్నా, నేను చేసింది వేధింపు అని నాకు తోచేది కాదు. బెత్తం వాడలేదు కదా అనుకునేవాణ్ణి.

2019 నవంబరు 14న మన ఒంగోలులోనే ‘నాడు–నేడు’ మొదలైంది. ఆ తర్వాత చాలా బడులకు టైల్సు, రంగులు, మరుగుదొడ్లు, నీటి ట్యాంకులు వచ్చాయి. ఎంత తేడా వచ్చిందో మాలాంటి పాతవాళ్ళకే బాగా తెలుసు. కానీ కట్టడం ఒక రోజుతో అయిపోయే పని, కడగడం రోజూ ఉండే పని. మరుగుదొడ్డికి తాళం పడిందంటే అది లేనట్టే. తాళం ఎందుకు పడుతుంది? మోటారు కాలిపోయి నీళ్ళు రాకపోతే, ఆయమ్మ నాలుగు రోజులు రాకపోతే, బయటివాళ్ళు రాత్రిపూట పాడు చేస్తే. అప్పుడు పెద్ద క్లాసుల ఆడపిల్లలు ఏం చేస్తారో మీలో ఆడపిల్లల తండ్రులు ఎవరినైనా ఇంట్లో అడగమనండి. పొద్దున్నుంచి నీళ్ళు తాగరు. మంచినీళ్ళ సీసా నిండుగా తెచ్చి నిండుగానే తీసుకెళ్తారు. నెలకు నాలుగు రోజులు బడి మానేస్తారు. హాజరు పట్టీలో అది ‘గైర్హాజరు’ అని మాత్రమే పడుతుంది, కారణం పడదు. నేను ఎన్నో ఏళ్ళు ఆ పట్టీ నింపాను, కారణం అడగాలని నాకు తోచలేదు. ఒక టీచరమ్మ చెబితే తెలిసింది.

మోటారు బాగు చేయించడానికి అయ్యే ఖర్చు ఒక స్వాగత ద్వారం ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ మోటారు మీద దాత పేరు రాయలేం. ఇది ఎవరినీ నొప్పించాలని అనడం లేదు. ద్వారాలు అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక మిరప కోతల సంగతి. మా బడిలో చేనేతవాళ్ళ పిల్లలు, జీడి పనివాళ్ళ పిల్లలు, దర్జీల, తోపుడుబండ్లవాళ్ళ పిల్లలు ఎక్కువ. అయినా ఏటా సంక్రాంతి దాటాక కొన్ని కుటుంబాలు గుంటూరు వైపు పల్లెలకు కాయ కోతలకు వెళ్ళిపోతాయి. అంతకు ముందు పత్తి తీతలకు వెళ్ళేవాళ్ళు కొందరు. పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళే వీలుండదు, వెంట తీసుకెళ్తారు. కొన్నిచోట్ల అలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. అవి ఉన్నచోట మేలు జరుగుతుంది. లేనిచోట పిల్ల జనవరిలో వెళ్ళి మార్చిలో వస్తుంది. ఎండకు నల్లబడి, మిరప ఘాటుకు కళ్ళు ఎర్రబడి వస్తుంది. భాగహారం దగ్గర వదిలి వెళ్ళినవాడు వచ్చేసరికి భిన్నాలు అయిపోయి ఉంటాయి.

చట్టం ఇక్కడ పిల్లవాడి పక్షాన ఉంది. చేరే గడువు దాటిందని కాదనకూడదు. టీసీ రావడం ఆలస్యమైందని ఆపకూడదు. వయసు ధ్రువీకరణ పత్రం లేదని తిప్పి పంపకూడదు. అసలు బడికే రానివాడు వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. తలుపు దగ్గర ఏం జరుగుతుందన్నది వేరు. “ఓహో, వచ్చారా దొరగారు!” అని ఒక్క మాట అంటే చాలు, ఆ చట్టమంతా వృథా. పిల్లలు నవ్వుతారు. వాడూ నవ్వుతాడు. రెండు వారాలకు కనిపించడు.

మా స్టాఫులో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. మనిషి కటువు, టీ తాగేటప్పుడు కూడా నవ్వేవారు కాదు. అలా వెళ్ళొచ్చిన పిల్లల కోసం ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. ఎవరు ఏ పాఠం దగ్గర ఆగారో వెళ్ళేముందే రాసుకునేవారు. వాడు తిరిగి రాగానే ఎక్కడికి వెళ్ళావని అడిగేవారు కాదు. పుస్తకం తీసి, “నువ్వు ఇక్కడున్నావు” అని ఆ పేజీ చూపించేవారు. సాయంత్రం అరగంట కూర్చోబెట్టేవారు. నాలుగు తీపి మాటలు మాట్లాడే మాలాంటివాళ్ళ క్లాసుల్లో కంటే ఆయన క్లాసులో మానేసే పిల్లలు తక్కువ. మంచి వాతావరణం అంటే మెత్తగా మాట్లాడడం అనుకునే వాళ్ళకు నేను ఆయన సంగతి చెబుతాను. పిల్లవాడికి కావలసింది ముద్దు మాటలు కాదు, తన చోటు ఇంకా తనదేనన్న నమ్మకం.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతిక మంది అసలు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానేసినవారో. అది దేశం మొత్తం లెక్క, ఇప్పటికి పాతది. కానీ ఆ లెక్క చదివినప్పుడు నేను మొదట అనుకున్నది ‘పేదరికం’ అని. తర్వాత నా సొంత హాజరు పట్టీలు గుర్తు చేసుకున్నాను. మానేసినవాళ్ళందరూ డబ్బు లేక మానలేదు. కొందరు అవమానం భరించలేక మానారు. ఆ పేర్లు నాకు ఇంకా గుర్తున్నాయి.

భాష సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళున్నారు, దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. ఒకటో తరగతిలో ఒక బాబు రెండు నెలలపాటు నోరు విప్పలేదు. మందమతి అనుకున్నాం. ఒకరోజు వాళ్ళ దాదీ బడికి వచ్చింది. వాడు ఆమెను చూడగానే దక్కనీలో గుక్కతిప్పుకోకుండా మాట్లాడేశాడు. క్లాసులో ఎవరు ఎవరిని గిచ్చారో, ఎవరు పలక పగలగొట్టారో, అంతా. రెండు నెలల్లో వాడు చూడనిది లేదు. వాడికి తెలుగు రాదు, అంతే. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటోంది. అలాంటి బాబుకు రెండు పేజీలూ పరాయివే. టీచరుకు నాలుగు దక్కనీ ముక్కలు వచ్చినా, లేదా పక్కన కూర్చున్న పిల్లను “వాడికి చెప్పమ్మా” అని అడిగినా, మొదటి ఆరు నెలలు గడిచిపోతాయి. దీనికి ఖర్చు లేదు.

పుస్తకాల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి. ఇది వేటపాలెం కదా.

మన ఊళ్ళో సారస్వత నికేతనం ఉంది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు స్థాపించారు. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. పాత పత్రికల సంపుటాల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వెతుక్కుంటూ ఆ గ్రంథాలయానికి వస్తారు. నేను అక్కడికి మొదటిసారి వెళ్ళింది పరిశోధనకు కాదు, ఎండ తప్పించుకోవడానికి. పదకొండేళ్ళుంటాయి. లోపల చల్లగా ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. మీ నాన్న ఎవరు, ఏ బడి, ఏ ఇల్లు, ఒక్కటీ అడగలేదు. బల్ల మీదున్న పత్రిక తీసి చదువుకున్నాను. పక్కన ఒక పెద్దాయన పేపరు చదువుతూ పేజీ తిప్పేటప్పుడు నా చెయ్యి తగలకుండా కొంచెం జరిగాడు. అంతే జరిగింది. ఇంట్లోగానీ బళ్ళోగానీ నాకోసం ఒక పెద్దమనిషి జరిగి చోటివ్వడం అదే మొదలు. మర్నాడు ఎండ లేకపోయినా వెళ్ళాను.

మరి మా బళ్ళో? ఇనుప బీరువా, దానికి తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో. పుస్తకాలు లేక కాదు. ఒక పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరులో తేడా వస్తుంది, ఆ తేడా ఎవరి మీద పడుతుందోనని భయం. టీచర్లను తప్పుపట్టలేను, ఆ భయం నాకూ ఉండేది. మంచి పుస్తకాలు కొత్త అట్టలతో ముసలివైపోయాయి. ఒకసారి ఒక దాత యాభై పుస్తకాలు ఇస్తూ, “ఇవి పోతే పోనీండి మాస్టారూ, రిజిస్టరులో రాయొద్దు, కిటికీలో పెట్టండి” అన్నారు. మూడేళ్ళలో దాదాపు సగం పోయాయి. చిరిగాయి, తడిశాయి, ఇళ్ళకు వెళ్ళి రాలేదు. ఆ మూడేళ్ళలో మా పిల్లలు చదివినంత ఎప్పుడూ చదవలేదు. నేను అందుకున్న విరాళాల్లో దాన్ని మించింది లేదు.

మదీనాలో ప్రవక్త (స) మస్జిదును ఆనుకుని ఉన్న సుఫ్ఫా అరుగు గురించి మనందరికీ తెలుసు. నిలువ నీడలేని పేద సహాబాలు అక్కడే ఉండి, అక్కడే పడుకుని నేర్చుకున్నారు. వాళ్ళ తిండి సంగతి ప్రవక్త, సహాబాలు కలిసి చూసుకునేవారు. నీడ, అన్నం, చదువు మూడూ ఒకేచోట ఉన్నాయన్నది నాకు ముఖ్యమనిపిస్తుంది. మధ్యాహ్న భోజనం ఉన్నరోజు మా హాజరుకూ లేనిరోజు హాజరుకూ ఉండే తేడా చూసినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

2025లో పదో తరగతి పరీక్షలు మార్చిలో, సరిగ్గా రంజాన్ నెలలో వచ్చాయి. నేను రిటైరైనా సాయంత్రం ట్యూషన్ చెబుతున్నాను. ఇఫ్తార్ తర్వాత చదువుదామంటే తరావీహ్, తర్వాత నిద్ర, మళ్ళీ సహరీ. పిల్లలు తూలిపోయేవాళ్ళు. ఫజర్ అయ్యాక గంటన్నర చదువు, మధ్యాహ్నం పరీక్ష నుంచి వచ్చాక నిద్ర అని మార్చాం. ఇళ్ళలో అక్కచెల్లెళ్ళు ఇరుకు గదిలో వంటపని మధ్య చదువుతున్నారని తెలిసి ఒకరు తమ వరండా ఇచ్చారు. ఒక బల్బు, రెండు చాపలు, మంచినీళ్ళ కుండ. మన పిల్లలే కాదు, వీధిలో చేనేతవాళ్ళ అమ్మాయిలు కూడా వచ్చి కూర్చున్నారు. ఇంట్లో మగ్గం చప్పుడులో లెక్కలు కుదరడం లేదట.

టీచర్ల గురించి రెండు మాటలు. అరిచే బడిలో సాధారణంగా టీచర్ల మీద కూడా ఎవరో అరుస్తూ ఉంటారు. పొద్దున ఫోన్లో ఫోటోలు ఎక్కించి, మధ్యాహ్నం లెక్కలు పంపి, సాయంత్రం మీటింగుకు పోయే మనిషి దగ్గర ఓపిక ఎంత మిగులుతుంది? దాతలు దీన్ని మార్చలేరు. కానీ బడికి వచ్చినప్పుడు గంటసేపు సన్మాన సభ పెట్టించకుండా ఉంటే పిల్లలకు ఒక పీరియడు మిగులుతుంది.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికే చేరాలని, భవనాలకూ జీతాలకూ వాడకూడదని మన ఉలమాలు చెబుతారు. కాబట్టి పేద పిల్లల ఫీజులు, బట్టలు, బస్సు ఖర్చులు దానితో నడవవచ్చు. నేను పైన చెప్పినవి, అంటే నీటి మోటారు బాగుచేత, ఆయమ్మకు వారానికి రెండు రోజులు అదనపు కూలి, సబ్బులు, ఆడపిల్లలకు ప్యాడ్లు, కోతల నుంచి వచ్చిన పిల్లలకు సాయంత్రం అరగంట చెప్పేవాళ్ళకు కొంత గౌరవ వేతనం, పోయినా పరవాలేని పుస్తకాలు, ఇవి సదఖా నుంచీ మామూలు విరాళాల నుంచీ రావాలి. ఒక్కసారిగా పెద్ద మొత్తం అక్కర్లేదు. నెలనెలా చిన్న మొత్తం, పన్నెండు నెలలు తప్పకుండా కావాలి. మోటారు జూన్‌లో కాలదు, ఎప్పుడు కాలాలో అప్పుడే కాలుతుంది.

ఇవ్వబోయేముందు ఒకసారి బడికి రండి. ముందుగా కబురు చేయకండి. కబురు చేస్తే మేము ముగ్గులు వేయిస్తాం, పాటలు నేర్పిస్తాం. సంక్రాంతి సెలవులు అయిపోయిన తర్వాత ఏదో ఒక సోమవారం తొమ్మిదింటికి రండి. ఆఫీసు గదిలోకి వెళ్ళేముందు నీళ్ళ పంపు దగ్గర కాసేపు నిలబడండి. నీళ్ళు వస్తున్నాయా చూడండి. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందో అడగండి. తర్వాత ఒక క్లాసు వెనక బెంచీ దగ్గరికి వెళ్ళి, అక్కడ కూర్చున్న పిల్లను ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ కూర్చుంటున్నావమ్మా అని అడగండి.